ఎంత దగ్గరైతే సమానం

మార్చి 4

పోస్టు ఆవులింతకి వచ్చింది.

మార్చి 5

నిన్న ఆ ఒక్క ముక్క రాసి మూసేశాను. ఇవాళ కాస్త కుదురుగా రాసుకోవాలి. లేకపోతే ఆఫీసులో ఎవరో ఒకరి మీద విరుచుకుపడతాను.

మందుల పరీక్షల లెక్కలు తేల్చే మా యూనిట్‌కి చాలాకాలంగా హెడ్ లేడు. డైరెక్టరే విసుక్కుంటూ సంతకాలు పెడుతున్నాడు. చివరికి రాత పరీక్ష, ఇంటర్వ్యూ, సర్వీసు మార్కులు అన్నీ కలిపి ర్యాంకులు వేశారు. ఎవరి మార్కులు వాళ్లకి మెయిల్లో పంపి, బోర్డు మీద మొదటి ర్యాంకు పేరు ఒక్కటీ అంటించారు. ఆ పేరు మీటింగుల్లో డైరెక్టరు ముఖం మీదే నోరు తెరిచి ఆవులించే మహానుభావుడిది.

వాడికి పని నేర్పింది నేను. కొత్తలో ఖాళీ గడికీ సున్నాకీ తేడా తెలియక, మధ్యలో మానేసిన రోగులందరికీ రక్తపోటు సున్నా అని చూపించాడు. పట్టిక నా ముందు పెట్టి, "మేడమ్, ఇంతమంది పోయారా?" అని బిక్కముఖం వేసుకుని అడిగాడు. అలాంటివాడు ఇకమీదట నా ప్రోగ్రాముల మీద సంతకం పెడతాడు.

ఇవాళ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "నాకే నమ్మబుద్ధి కావడం లేదు మేడమ్. వచ్చింది సున్నా పాయింట్ ఎనిమిదే" అన్నాడు.

నాకు వచ్చింది కూడా సున్నా పాయింట్ ఎనిమిదే. సమానంగా వస్తే సీనియర్‌కి ఇవ్వాలని రూలు. వాడికన్నా ఎన్నో ఏళ్లు ముందు చేరాను నేను.

ఇంటికి రాగానే అక్కతో చెప్పాను. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "పోనీలేవే. హెడ్ అంటే సంతకాలూ తలనొప్పులూ తప్ప ఏముంది?" అంది. అక్క ధోరణి ఎప్పుడూ అంతే, కొంప మునిగినా పోనీలే అంటుంది. అక్కదీ మా యూనిటే, అందరూ పరీక్ష రాయాలన్నారు కాబట్టి తనూ రాసింది. ఎంత వచ్చిందో తను చెప్పలేదు, నేను అడగలేదు.

మార్చి 7

దొరికింది.

ర్యాంకులు వేసిన ప్రోగ్రాం సిబ్బంది విభాగం వాళ్లు బయట ఎవరితోనో రాయించుకున్నారట. బతిమాలి కాపీ తెప్పించుకున్నాను. ఇద్దరి మార్కులూ సమానమా కాదా అని తేల్చేచోట, రెండు సంఖ్యల మధ్యా రెండు సమాన గుర్తులు పెట్టి ఊరుకున్నాడు ఆ మహాశయుడు. దశాంశాలతో అలా చేయకూడదని మా దగ్గర మొదటి వారంలోనే చెవి మెలేసి చెబుతారు.

మూడో వంతుని దశాంశాల్లో రాయమంటే మనకి ఎన్ని మూడులు వేసినా తెగదు. యంత్రానికి పదో వంతు అలాగే తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించి దాచుకుంటుంది. అలాంటి కత్తిరింపులు కూడినప్పుడు చివర్న ఇసుమంత తేడా మిగులుతుంది. నా 0.7 కి 0.1 కలిపితే తెర మీద 0.8 అనే చూపిస్తుంది. అంకెలన్నీ విప్పి చూపించమంటే 0.7999999999999999. ఆవులింతకి, వాడు నాకు చూపించిన మెయిల్ ప్రకారం, 0.6 కి 0.2 కలిసింది కాబట్టి నిండుగా 0.8 వచ్చింది.

ప్రోగ్రాం దృష్టిలో మేం సమానం కాదు. వాడు నాకన్నా గొప్ప. ఎంత గొప్ప? ప్రపంచంలో ఏ త్రాసుకీ అందనంత.

కుర్చీలో కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మార్చి 8

నాకు పోస్టు ముఖ్యం కాదు. సరైనది సరైనదిగా ఉండాలి, అంతే.

మార్చి 11

డైరెక్టరు దగ్గరికి వెళ్లాను. కాగితం మీద అంకెలన్నీ వేసి చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"అంటే యంత్రానికి కూడికలు రావంటారా అమ్మా?"

"వచ్చు సర్. దాన్ని అడగాల్సింది సరిగ్గా సమానమా అని కాదు, పట్టించుకోనక్కర్లేనంత దగ్గరగా ఉన్నాయా అని."

"ఎంత దగ్గరగా?"

"అది రాసేవాళ్లు తేల్చుకోవాలి సర్."

ఆయన నిట్టూర్చాడు. కోడ్ రాయడం వచ్చినవాళ్లంతా అభ్యర్థులే, ఎవరికిచ్చినా గోలే అన్నాడు. ఆఖరికి మందుల పరీక్షలకి చేసినట్టే చేద్దామన్నాడు. అంటే జంట ప్రోగ్రాం. ఇద్దరికి ఒకే ఫైలు ఇస్తారు. ఒకరి కోడ్ ఒకరు చూడకూడదు, దాని గురించి మాట్లాడుకోకూడదు. విడివిడిగా రాసి ఇచ్చాక ఫలితాలు పక్కపక్కన పెడతారు. కలిస్తే అదే ఖాయం. కలవకపోతే ఇద్దర్నీ కూర్చోబెట్టి అడుగుతారు. పేర్లు తీసేసి నంబర్లు పెట్టిస్తాడట. మొదటి ప్రోగ్రాం నాది. రెండోది ఎవరిదో చెప్పలేదు.

లేచి వస్తుంటే, "పెద్దమేడమ్ గారికి చెప్పారా ఈ సంగతి?" అని అడిగాడు.

మార్చి 12

ఆ మాట గుచ్చుకుంది. రాత్రంతా దొర్లాను.

ఆఫీసులో అక్క పెద్దమేడమ్. నేను చిన్నమేడమ్. చేరిన రోజు ఎవరో సరదాగా అన్నారు, అదే అతుక్కుపోయింది. ఏ మంచి పని చేసినా "పెద్దమేడమ్ చెల్లెలు కదా మరి" అంటారు. తప్పు చేస్తే "పెద్దమేడమ్‌కి చూపించి ఉండాల్సింది" అంటారు. అమ్మ పోయాక నాకు జడలు వేసింది అక్క, చదివించింది అక్క, ప్రోగ్రాం రాయడం నేర్పింది అక్క. మొగుడితో పడలేక పెట్టె సర్దుకుని వచ్చేస్తే, ఎందుకొచ్చావని అడగకుండా తలుపు తీసింది కూడా అక్కే. ఇవన్నీ నాకు తెలుసు. రోజూ గుర్తుచేసుకోవాల్సి రావడమే కష్టం.

ఒక్కసారి, ఒక్క తలుపు మీద నా పేరు ఉండాలి. కింద ఎవరి చెల్లెలినో రాయకుండా.

మార్చి 14

ఫైలు వచ్చింది. పేర్లు లేవు. నాది నాలుగో నంబరు, రాత పరీక్ష మార్కు చూసి గుర్తుపట్టాను. ఆవులింతది తొమ్మిది.

మామూలుగా మేం వాడే హద్దుతో నడిపాను. కోటిలో ఒక వంతు కన్నా తక్కువ తేడా ఉంటే సమానం అన్నట్టు. నాలుగూ తొమ్మిదీ కలిశాయి. పైకి లేచి గంతేద్దామనుకున్నాను.

వాటి కింద ఏడు కూడా ఉంది.

ఏడో నంబరువాళ్ల పరీక్ష మార్కులు నాకన్నా తక్కువ. మిగతాదంతా సర్వీసు. ఏడాదికొక చిన్న ముక్క చొప్పున వరసగా కూడుకుంటూ వచ్చారు. అన్ని ముక్కలు కూడేసరికి కత్తిరింపులూ పేరుకున్నాయి. మొత్తం 0.8 కి నేనున్న దూరం కన్నా మూడింతల దూరంలో ఆగింది. ఎక్కువకాలం పనిచేసినవాళ్ల ఖాతాలోనే ఎక్కువ తప్పు పోగవుతుందన్నమాట. ఎంత న్యాయమైన యంత్రమో.

ముగ్గురు సమానమైతే పోస్టు ఆ ముగ్గురిలో సీనియర్‌కి వెళుతుంది.

మార్చి 15

ఏడో నంబరు ఎవరో నాకు తెలియదు. పేర్లు తీసేసి ఇచ్చారు. ఊహించడం నా పని కాదు.

మార్చి 16

అన్ని సర్వీసు ముక్కలున్న మనిషి ఈ ఆఫీసులో ఒక్కతే ఉంది. ఇప్పుడు పక్కగదిలో పడుకుని ఉంది.

మార్చి 18

హద్దు గురించి ఇవాళ చాలా చదివాను.

కోటిలో ఒక వంతు అని ఎవరు చెప్పారు? ఎవరో ఎప్పుడో అలవాటుగా పెట్టారు, మేం గొర్రెల్లా పెడుతూ పోతున్నాం. నిజానికి శాస్త్రీయమైన హద్దు ఇంకొకటి ఉంది. ఒకటి అనే అంకె పక్కన యంత్రం గుర్తించగలిగే అతి చిన్న తేడా. ప్రతి పాఠ్యపుస్తకంలోనూ దానికి పేరుంది, గుర్తుంది. ఎవరైనా అడిగితే పేజీ నంబరుతో సహా చూపించవచ్చు.

ఆ హద్దు పెడితే నాలుగూ తొమ్మిదీ సమానం అవుతాయి. ఏడు బయట ఉండిపోతుంది.

ఏడు కోసం పెట్టింది కాదు ఆ హద్దు. అది నిక్కచ్చిగా ఉంటుంది కాబట్టి పెట్టాను. ముందే చెప్పాను, నాకు పోస్టు ముఖ్యం కాదు.

అయినా అక్కకి ఆ కుర్చీ ఎందుకు? తనే అంది కదా, సంతకాలూ తలనొప్పులూ అని.

మార్చి 19

అక్క రెండు మూడు రోజులుగా ముభావంగా ఉంటోంది. అన్నం కెలుకుతూ కూర్చుంటోంది. ఇవాళ టీవీ ముందు ఉన్నప్పుడు "అక్కా" అని పిలిచాను.

"ఏంటే?"

"ఏం లేదు. ఫ్యాను తగ్గించనా?"

"తగ్గించు."

తగ్గించాను. ఇంకేదో అడుగుతానేమోనని అక్క కాసేపు నా వైపే చూసింది. నేను టీవీ చూశాను.

మార్చి 22

ప్రోగ్రాం పంపేశాను. హద్దు పక్కన వివరణ కూడా రాశాను, పుస్తకం పేరుతో సహా. చాలా శుభ్రంగా వచ్చింది. ఇంత శుభ్రమైన కోడ్ నేనెప్పుడూ రాయలేదు.

మార్చి 25

రెండు ఫలితాలూ కలవలేదు.

డైరెక్టరు గదిలోకి వెళ్లేసరికి ఆవులింత గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. డైరెక్టరుకి ఎదురుగా అక్క ఉంది. రెండో ప్రోగ్రామర్ అక్క. అక్క పక్క కుర్చీ కాస్త వెనక్కి జరిపింది, కూర్చోమన్నట్టు.

డైరెక్టరు కాగితాలు తిప్పాడు. "ఒకటేమో ఇద్దరు సమానం అంటోంది. ఇంకొకటి ముగ్గురు అంటోంది. నాకు ముక్క అర్థం కాలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి."

అక్క ముందు మాట్లాడింది. "అన్నిటికన్నా ముందు ఒక సంగతి సర్. ఆ మూడో మనిషిని నేనే. ఫైలు తెరవగానే తెలిసిపోయింది. వెంటనే మీకు చెప్పాను, ఇది నాకొద్దని."

"చెప్పారు. వేరే దిక్కు లేదని నేనే వినలేదు. మీరు కానివ్వండి."

"మార్కులు నూటిలో ఒక వంతు కన్నా సన్నగా వేయరు సర్. ఇద్దరి మధ్య నిజంగా తేడా ఉంటే కనీసం అంత ఉండాలి. అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న తేడా కనిపించిందంటే అది మనుషులది కాదు, యంత్రం కత్తిరింపుల వల్ల వచ్చింది. అందుకే కోటిలో ఒక వంతు పెట్టాను. మన యూనిట్‌లో అందరం పెట్టేదే."

డైరెక్టరు నా వైపు తిరిగాడు. "మీరు ఇంకా చిన్నది పెట్టారట?"

నేను పాఠం అప్పజెప్పాను. యంత్రం గుర్తించగల అతి చిన్న తేడా, పుస్తకం, పేజీ. ఇంటర్వ్యూలో కూడా అంత బాగా మాట్లాడలేదు.

"బాగుంది. మరి మీరు మందుల పరీక్షల్లో కూడా ఎప్పుడూ ఇదే పెడతారా?"

"అవును సర్."

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన అక్కని అడిగాడు. "ఈవిడ ప్రోగ్రాములన్నీ సరిచూసేది మీరే కదా. నిజమేనా?"

అక్క ముందు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చిన్నప్పుడు పరీక్ష నుంచి వస్తే ఎలా రాశావే అని అడిగేటప్పుడు చూసే చూపు. నేను చెబుతానని ఎదురుచూసింది. సర్, ఈసారి మార్చాను అని ఒక్క మాట. నేను టేబుల్ మీది పేపర్ వెయిట్ వైపు చూస్తూ కూర్చున్నాను.

"కాదు సర్" అంది అక్క. "తనూ కోటిలో ఒక వంతే పెడుతుంది. నేనే నేర్పాను."

"మరి ఈసారి ఎందుకు మార్చారమ్మా?"

నేను పేపర్ వెయిట్ మీంచి చూపు తిప్పలేదు. నాకు తెలిసినంతలో మొదటిసారి ఆవులింత ఆవులించకుండా కూర్చున్నాడు.

డైరెక్టరు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. నా కాగితాలు ఒక పక్కకి జరిపి, అక్క కాగితాల మీద సంతకం పెట్టాడు.

మార్చి 26

నా సొంత అక్క నలుగురిలో నన్ను నిలబెట్టి ముంచింది. "గుర్తులేదు సర్" అంటే సరిపోయేది. ఎవరూ చచ్చిపోయేవాళ్లు కాదు. నిజం, నిజం అని వేలాడే మనుషులతో బతకడం ఎంత కష్టమో వాళ్ల పక్కన బతికినవాళ్లకే తెలుస్తుంది.

గణితం ప్రకారం నేను రాసింది తప్పు కాదు. పుస్తకంలో ఉంది.

మార్చి 27

నిన్న రాసింది చదివితే రోత పుట్టింది. కొట్టెయ్యను, ఉండనీ. ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఫీసు నుంచి ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం, వేర్వేరు సీట్లలో. ఇంట్లోకి వచ్చాక అక్క చెప్పులు విప్పి, హాల్లో దీపం వేసి, సోఫా అంచు మీద కూర్చుంది. బట్టలు కూడా మార్చుకోలేదు.

"నీకు ఆ పోస్టు అంత కావాలా?"

"అవును" అన్నాను. ఇన్ని రోజుల్లో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేదానివి?"

"తప్పుకునేదాన్ని." చేతులు చాపింది, ఇంత చిన్న సంగతా అన్నట్టు. "అక్కా, నాకు కావాలి, నువ్వు పక్కకి జరుగు అనుంటే నవ్వుకుంటూ రాసిచ్చేసేదాన్ని. ఫైల్లో నా వరస చూసినప్పటి నుంచీ నాకు అదే పని. ఇది అడుగుతుంది, ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అని. ఆ రోజు టీవీ ముందు అక్కా అన్నావు చూడు, ఇప్పుడు అడిగేస్తుందనుకున్నాను. ఫ్యాను తగ్గించనా అన్నావు."

"మనం మాట్లాడుకోకూడదు కదా దీని గురించి."

"ప్రోగ్రాం గురించి మాట్లాడుకోకూడదే. నీ గురించి నువ్వు మాట్లాడుకోవద్దని ఎవరన్నారు?"

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు నేనొక మాట అన్నాను. దాన్ని ఇక్కడ రాయకుండా దాటేద్దామని చూశాను కానీ ఇంకెక్కడ రాస్తాను?

"అయితే ఇప్పుడు తప్పుకో" అన్నాను.

నిజంగానే అన్నాను. గొంతులో ఆశతో కూడా అన్నాను.

అక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఇప్పుడు తప్పుకోను. నన్ను ఓడించి ఉంటే నాకేం బాధ లేదే. నువ్వు గెలిస్తే ఊరంతా చెప్పుకునేదాన్ని. నువ్వు నన్ను ఓడించలేదు, లెక్కలోంచే తీసేశావు. ఆ వరసలో చిన్నచిన్న ముక్కలున్నాయి చూశావా, ఒక్కోటీ ఒక్కో ఏడాది. నువ్వు చదువుకుంటున్నప్పటివి కూడా అందులోనే ఉన్నాయి. వాటినే పట్టుకుని, ఇవి కలిస్తే తక్కువవుతాయి, ఇక్కడ గీత గీస్తే అక్క పడిపోతుంది అని కూర్చుని చూసుకున్నావు. ఎన్ని రోజులు చూసుకున్నావే?"

అక్క లేచి తన గదిలోకి వెళ్లింది. తలుపు విసిరికొట్టలేదు, మెల్లగా దగ్గరికి వేసుకుంది.

ఏప్రిల్ 2

హెడ్ గది తలుపు మీద అక్క పేరు పెట్టారు. కింద ఎవరి అక్కో రాయలేదు.

ఏప్రిల్ 9

నా ప్రోగ్రాములు సరిచూసే పని అక్క ఆవులింతకి ఇచ్చింది. ఇవాళ వాడొచ్చి, భయపడుతూ, "మేడమ్, హద్దు కోటిలో ఒక వంతే కదా పెట్టారు? ఒకసారి చూసుకోమని పెద్దమేడమ్ అన్నారు" అన్నాడు. నవ్వి అవునన్నాను. వాడు కోడ్ తెరిచి చూసుకున్నాకే వెళ్లాడు. నేర్పింది నేనే కదా, బాగానే నేర్చుకున్నాడు.

ఏప్రిల్ 20

అక్క ఆఫీసుకి దగ్గర్లో ఇల్లు తీసుకుంది. ఇది నువ్వే ఉంచుకో అంది. పొద్దున్నుంచీ సామాను సర్దుకుంటోంది. పోట్లాట లేదు, దెప్పిపొడుపు లేదు. ఏ గిన్నె ఎవరిదో తేల్చుకోవాల్సిన అవసరం కూడా రాలేదు, రెండేసి ఉన్నవాటిలో బాగున్నవి నాకే వదిలేసింది.

పుస్తకాలు అట్టపెట్టెలో పెడుతుంటే దగ్గరికి వెళ్లి, "నేనూ పట్టనా అక్కా?" అన్నాను.

"పర్లేదు, నేను చూసుకుంటాను. మీకెందుకు శ్రమ" అంది.

కోపంగా అని ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. ఎగతాళిగా అని ఉంటే పోట్లాడేదాన్ని. అక్క అలా అనలేదు. ఆఫీసు అలవాటులో నోరు జారిందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను, మాట సర్దుకుంటుందని. సర్దుకోలేదు. టేపు చింపి పెట్టెకి అంటించింది. పొద్దున ఫోన్లో ఆవులింతతో ఫైలు పంపమని చెప్పినప్పుడు ఎలా మాట్లాడిందో అచ్చంగా అలాగే, ఎంతో మర్యాదగా మాట్లాడింది నాతో.